రెండోసారి అందిన శుభలేఖలు

తొంభైల చివర్లో నేను సూర్యాపేటలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. కింద లారీ టైర్ల దుకాణం, పైన మేము. కింద వాళ్లు కొత్త టైరును దబ్బున నేల మీద పడేస్తే, పైన మా మానిటర్ మీది అక్షరాలు ఉలిక్కిపడి సర్దుకునేవి. పొద్దున డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లం. మధ్యాహ్నం నుంచి చుట్టుపక్కల మిల్లుల్లో, విత్తనాల దుకాణాల్లో పడకేసిన కంప్యూటర్లకు వైద్యం. బస్సెక్కి ఆ వైద్యానికి తిరిగే మనిషిని నేనే. నాకప్పటికి పెళ్లి కాలేదు కాబట్టి, ఎక్కడికి వెళ్లినా ముందు ఇంటిపేరు అడిగేవారు, తర్వాత నక్షత్రం అడిగేవారు, ఆ తర్వాతే కంప్యూటర్ చూపించేవారు.

సెంటర్ నడిపే మా సార్ ఒక ప్రోగ్రాం రాశారు. రోజూ సాయంత్రం కంప్యూటర్‌లో ఉన్నవాటినన్నిటినీ ఫ్లాపీల మీదికి నకలు తీసిపెడుతుంది. ఎప్పుడైనా కంప్యూటర్ చచ్చిపోతే ఆ ఫ్లాపీల్లోంచి అన్నీ తిరిగి తెచ్చుకోవచ్చు. ఆ రోజుల్లో కరెంటు ఎట్లా వచ్చి ఎట్లా పోయేదో తెలిసిన వ్యాపారస్తులు దాన్ని బాగానే కొన్నారు. సార్ ఆ ప్రోగ్రాంకు తన కూతురి పేరు పెట్టుకున్నారు. మేమంతా దాన్ని ‘పాప’ అనేవాళ్లం. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. ప్రోగ్రాంలో తప్పుందని ఎవరైనా అంటే, తన కూతుర్ని నలుగురిలో తిట్టినట్టు సార్ ముఖం ముడుచుకునేవారు.

“సార్, పాప సగంలో ఆగిపోయింది.”

“ఊకెనే ఎందుకు ఆగుతది? నువ్వే ఏదో చేసి ఉంటవ్.”

పాప అంటే ఆయనకు అంత నమ్మకం.

ఒక వానాకాలం పొద్దున మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడొక రైస్ మిల్లుంది. ఆ మిల్లు సేటు బియ్యాన్ని గల్ఫ్‌కు పంపేవాడు కాబట్టి ఈ-మెయిల్ పెట్టించుకున్నాడు. ఆ చుట్టుపక్కల ఈ-మెయిల్ ఉన్న మిల్లులు అరుదు. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే సేటు ముందు మెషీన్లు చూపించేవాడు కాదు, ఈ-మెయిల్ చూపించేవాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ కాలిపోయింది.

“బిడ్డా, జల్దిన రా” అన్నాడు సేటు ఫోన్లో. “ఉత్తరాలు మొత్తం పోయినయ్. ఓడకు సరుకు ఎక్కియ్యాలె. సంచుల మీద ఏం గుర్తు వెయ్యాల్నో ఆ దుబాయి ఆయన ఉత్తరంల రాసిండు. మా గుమాస్తా ఒంటె అంటున్నడు. నాకైతే ఖర్జూర చెట్టు అని యాదికున్నది.”

వెనక నుంచి గుమాస్తా గొంతు వినిపించింది. “ఒంటెనే సేటూ! కూసున్న ఒంటె!”

నేను కొత్త హార్డ్ డిస్కును చున్నీలో చుట్టి సంచిలో పెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాను. పొలాల్లోకి సాగర్ నీళ్లు వదిలినట్టున్నారు, దారి పొడవునా నాట్లు పడుతున్నాయి. మిర్యాలగూడ దగ్గరికి వచ్చిందని కళ్లు మూసుకున్నా చెప్పొచ్చు. ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి లోపలికొచ్చి మన పక్కన కూర్చుంటుంది. బస్సు దిగి మిల్లు దాకా నడిచేసరికి నల్లటి ఊక బూడిద సన్నగా జుట్టు మీద వాలింది.

గుమాస్తా గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఆయన పెద్ద మనిషి. టైపు హయ్యర్ పాసై, ముప్పై ఏళ్లు టైపు మెషీన్ కొట్టి, ఆ ఊపులోనే కంప్యూటర్ మీదికి వచ్చాడు. ఒక్కో అక్షరాన్నీ మేకు దిగ్గొట్టినట్టు కొట్టేవాడు. ప్రతి ఉత్తరాన్నీ “గౌరవనీయులైన అయ్యా” అని ఇంగ్లీషులో మొదలుపెట్టేవాడు, సేటు సొంత తమ్ముడికి రాసినా సరే. అయితే చెప్పిన పని తప్పకుండా చేసే మనిషి. పాపతో నకలు తీయడం ఒక్క సాయంత్రం కూడా మానలేదు. ఫ్లాపీలన్నీ ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో, ఎలుకలు కొరకకుండా కలరా ఉండలు వేసి దాచాడు.

“అన్నీ పదిలంగ ఉన్నయమ్మా” అన్నాడు డబ్బా మూత తీస్తూ. ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరిగాయి, నాకూ ఆయనకూ.

కొత్త డిస్క్ బిగించి, పాపను ఎక్కించి, “తిరిగి తే” అని చెప్పాను. పాప ఒక్కొక్క ఫ్లాపీ అడిగింది, గుమాస్తా ప్రసాదం అందించినట్టు ఒక్కొక్కటీ అందించాడు. చివరికి “విజయవంతంగా పూర్తయింది” అని తెర మీద వచ్చింది. సేటు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. దుబాయి ఉత్తరం తెరిచాను. అది ఇంగ్లీషులో ఉంది కాబట్టి తెలుగు చేసి పైకి చదివాను.

“నూకలు ఐదు శాతానికి మించరాదు. తేమ పద్నాలుగు శాతానికి మించరాదు. ప్రతి సంచి మీద ఆకుపచ్చ రంగులో స్పష్టంగా అచ్చు వేయవలసినది...”

“ఆ, ఏం అచ్చు?” అన్నారు సేటు, గుమాస్తా ఒకేసారి.

“...మా ఏకైక కుమార్తె చిరంజీవి సౌభాగ్యవతి. కావున తమరు సకుటుంబంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించి, మా విందు స్వీకరించ ప్రార్థన.”

నేను చదవడం ఆపాను. అవతల మిల్లు మాత్రం దడదడ ఆడుతూనే ఉంది.

“సంచుల మీద నా బిడ్డ పేరు ఎందుకయ్యా అచ్చెయ్యాలె?” అన్నాడు సేటు, గుమాస్తా వైపు తిరిగి.

“నేనట్ల ఎందుకు రాస్త సేటూ! అది నిరుడు మనం పంపిన పెండ్లి పిలుపు.”

ఇంకో ఉత్తరం తెరిచాను. మిల్లు రబ్బరు రోలర్లు అరిగిపోయాయన్న ఫిర్యాదు సగంలో ఆగి, “ఆమెకు వంట కూడా బాగా వచ్చు” అని ముగిసింది. పాప అన్నిటినీ తెచ్చింది గానీ ఎక్కడో అతుకు తప్పింది. ఒక ఉత్తరం తలకు ఇంకో ఉత్తరం కాళ్లు తగిలించింది.

సార్‌కు చెప్పక తప్పదు. మిల్లు ఫోన్లో మాట్లాడితే సేటు వింటాడని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్లాను. లైను బాగా లేదు, గట్టిగా అరవాల్సి వచ్చింది.

“సార్, పాపకు బాగలేదు! లోపలికి పోయినవి పోయినట్టు బయటికి రావట్లే! తలకాయ ఒక దిక్కు, కాళ్లు ఒక దిక్కు వస్తున్నయ్!”

“ఏం మాట్లాడుతున్నవ్? పాప మంచిగనే ఉంటది. నువ్వు ఫ్లాపీలు తారుమారు పెట్టినవ్.”

“నేను పెట్టలే సార్! కోసి లోపల చూడాల్నా?”

“జర జాగ్రత్తగ కొయ్యి!”

ఫోన్ పెట్టి తిరిగి చూస్తే బూత్ నడిపే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె వెనక తమ వంతు కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా.

“గిన్ని మాటలు ఫోన్లెందుకు బిడ్డా” అంది ఆమె, నా చెయ్యి పట్టుకుని. “పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి. ఆ డాక్టరు సారు ఫోన్లనే కొయ్యమంటున్నడేంది, వాని నోట్ల మన్ను వడ!”

కంప్యూటర్ సంగతి అని నేను చెప్పబోయాను. “కంప్యూటరుతోని కోస్తరా ఇప్పుడు!” అని వాళ్లు ఇంకా హడలిపోయారు. నేను కాల్ డబ్బులు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. పాప బాగయ్యాక వచ్చి చెప్పమంది.

మిల్లుకు తిరిగొచ్చి ప్రోగ్రాం లోపల ఏం రాసి ఉందో చూడడం మొదలుపెట్టాను. మధ్యలో సేటు టీ తెప్పించాడు, నా నక్షత్రం అడిగాడు. గుమాస్తా తన ఒంటెను గురించి మళ్లీ చెప్పాడు. తప్పు దొరికేసరికి నాకు నవ్వాగలేదు. పాప అన్ని ఉత్తరాలనూ కలిపి ఒకే పెద్ద మూట కట్టి, దాన్ని ఫ్లాపీకి పట్టేటన్ని ముక్కలు చేసి, ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తుంది. తిరిగి కలిపేటప్పుడు మాత్రం వాటిని అంకెల్లా కాక మాటల్లా చదువుతుంది. నిఘంటువులో మాటలు పేర్చినట్టు, ఒకటితో మొదలయ్యేవన్నీ ఒక దగ్గరికి తెస్తుంది. అందుకని ఒకటి తర్వాత పది, పదకొండు, పన్నెండు వచ్చాయి, రెండు ఆ తర్వాత వచ్చింది. మిగతా వ్యాపారస్తులకు తొమ్మిది ఫ్లాపీలు ఎప్పుడూ దాటలేదు. మా గుమాస్తా గౌరవనీయులైన అయ్యల పుణ్యమా అని ఈ మిల్లులో దాటాయి.

అంకెలను అంకెల్లాగే చదవమని పాపకు రెండు వరుసల్లో బుద్ధి చెప్పి, మళ్లీ మొదటి ఫ్లాపీ నుంచి ఎక్కించాం. ఈసారి దుబాయి ఉత్తరం తల నుంచి కాలి దాకా ఒక్కటిగా వచ్చింది.

“ప్రతి సంచి మీద ఆకుపచ్చ రంగులో స్పష్టంగా అచ్చు వేయవలసినది, టీ కూజా బొమ్మ.”

“కూజానా?” అన్నాడు సేటు.

గుమాస్తా కళ్లద్దాలు తుడుచుకుని తెర దగ్గరికి వంగి చూశాడు. “కూజానే. మూతి ఒంటె మెడ లెక్కనే ఉంటది సేటూ, గందుకే నేను పొరబడ్డ.”

సేటు సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నన్ను భోజనానికి ఇంటికి రమ్మన్నాడు. లేచేముందు గుమాస్తాతో, “ఫోన్ కలుపయ్యా, కొత్త ఉత్తరాలేమన్న వచ్చినయేమో” అన్నాడు. గుమాస్తా మోడెం నొక్కాడు. అది కాసేపు కీచుమని, గరగరమని, పిల్లులు కొట్లాడినట్టు అరిచి కలిసింది. తెర మీద ఏవో ఉత్తరాలు కదులుతున్నట్టు గీత నిండుతోంది.

“మస్తు వస్తున్నయ్” అన్నాడు సేటు మురిసిపోతూ. “ఇన్ని దినాలు జమైనయ్ గదా. రానియ్యి, మనం తినొద్దాం.”

మేము వెళ్లి గోంగూర పప్పు, నాటుకోడి తిని, సేటు భార్య పెట్టిన తాంబూలం పుచ్చుకుని వచ్చాం. గీత పూర్తిగా నిండి ఉంది. కొత్త ఉత్తరాలు మూడో నాలుగో వచ్చాయి. “గింతేనా?” అని సేటు కొంచెం చిన్నబోయాడు. నేను బస్సెక్కి సూర్యాపేట చేరి, సార్‌కు ఆ ఒకటి, పది సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి టైర్ల వైపు చూసి, “పాప ఇంకా చిన్నది గదా, అంకెలు రాలే” అన్నారు.

మర్నాడు సేటు ఫోన్ చేశాడు. నిన్నటి గొంతు కాదు.

“ఏం తెచ్చినవ్ బిడ్డా నువ్వు? నా బిడ్డ సంసారం ఆగమయ్యేటట్టున్నది.”

నాకేమీ అర్థం కాలేదు. ఆయన ఒక్కొక్కటీ చెబుతుంటే సంగతి తెలిసింది. మేము నాటుకోడి తింటున్నప్పుడు కంప్యూటర్ ఉత్తరాలు తెచ్చుకోలేదు. పంపింది. ఏడాదిన్నరగా మిల్లు నుంచి పోయిన ఉత్తరాలన్నిటినీ, పాతవాటితో మొదలుపెట్టి వరసగా, ఎవరికి పంపినవి వాళ్లకే మళ్లీ పంపింది. రబ్బరు రోలర్ల కంపెనీకి పాత ఫిర్యాదులన్నీ మళ్లీ పోయాయి. వాళ్లు భయపడి ఒక మెకానిక్‌ను బయల్దేరదీశారు. బొంబాయిలో సేటు తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, బిడ్డకు మళ్ల పెండ్లి చేస్తున్నవా? అల్లునికేమైంది?” అని ఏడ్చాడు.

అన్నిటికన్నా పెద్ద గొడవ కోదాడలో. సేటు కూతురి అత్తవారిది కోదాడ. సేటు వియ్యంకుడు అక్కడ గోనె సంచుల వ్యాపారం చేసేవాడు. ఆయన దగ్గరా మా సెంటర్ అమ్మిన కంప్యూటరే ఉంది, అందులో పాప ఉంది, ఈ-మెయిల్ ఉంది. పెళ్లి మాటలు నడిచినప్పుడు ఇద్దరూ తమ కొత్త ఈ-మెయిళ్లు చూపించుకోవాలని సంబంధం మొత్తం ఉత్తరాల మీదే మాట్లాడుకున్నారు. ఆ మొదటి ఉత్తరం ఇప్పుడు మళ్లీ కోదాడ చేరింది: “మీ అబ్బాయి ఫోటో చూసితిమి. కొంచెము బక్కగా కనిపించుచున్నాడు. మాకు వేరే సంబంధములు కూడా ఉన్నవి. జాతకములు చూపించి మా నిర్ణయము తెలియజేసెదము.”

పెళ్లయి ఏడాది దాటింది. అమ్మాయి ఏడో నెల గర్భిణి.

“దానికి వియ్యంకుడు జవాబు పంపిండు” అన్నాడు సేటు. “గుమాస్తా, చదువయ్యా.”

గుమాస్తా గొంతు సవరించుకుని తెలుగు చేసి చదివాడు. “గౌరవనీయులైన అయ్యా. మీ ఉత్తరము అందినది. మా అబ్బాయికి కూడా వేరే సంబంధములు వచ్చుచున్నవి. అయినను మీ అమ్మాయిని ఒకసారి చూడగోరుచున్నాము. ఆదివారము మంచిది. జాతకము తప్పక తేగలరు.”

“సేటూ, ఆయన నవ్వులాటకు రాసిండు” అన్నాను.

“నవ్వులాట ఎట్లయితది? వియ్యపురాలు నవ్వంగ నేను ఎన్నడు సూడలే. ఫోన్ చేస్తే ఎవ్వరు ఎత్తుతలేరు. ఆదివారం కారు కిరాయికి మాట్లాడిన. నువ్వు, మీ సారు కూడ కోదాడకు రాండ్రి. ఇది మీ మెషీన్ చేసిన పని అని మీ నోటితోనే చెప్పాలె.”

ఆదివారం నేనూ సారూ కోదాడ బస్సెక్కాం. సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, కోర్టుకు పోతున్నట్టు కూర్చున్నారు. మునగాల దాటాక అడిగారు, “పాపనే చేసిందంటవా?”

“ఇంకెవరు చేస్తరు సార్?”

ఆయన చొక్కా మడతలు సర్దుకున్నారు.

మేము వెళ్లేసరికి సేటు అంబాసిడర్ వియ్యంకుడి ఇంటి ముందు ఆగి ఉంది. వరండా నిండా గోనె సంచుల కట్టలు, జనుము వాసన. లోపల హాల్లో కొత్త చాప, దాని మీద పూల దుప్పటి పరిచి ఉన్నాయి. సేటు, ఆయన భార్య, గుమాస్తా ఒక పక్క బిగుసుకుపోయి కూర్చున్నారు. వియ్యంకుడు తెల్లని లాల్చీలో, వియ్యపురాలు పట్టుచీరలో ఎదురుగా కూర్చున్నారు. వియ్యంకుడిది కోదాడ మాట, సగం మనది, సగం కృష్ణ అవతలిది.

“రండి, కూర్చోండి. వీరెవరండీ బావగారూ, పిల్ల తరఫు వాళ్లా?” అన్నాడు మమ్మల్ని చూసి.

“కాదు బావా, వీళ్లు కంప్యూటరోళ్లు. అసలు సంగతి ఏందంటే...”

“అవన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చులెండి. వర్జ్యం రాకముందే పిల్లను చూడాలి. అమ్మాయిని తీసుకురండి!”

లోపలి గదిలోంచి సేటు కూతురు వచ్చింది. తలొంచుకుని, కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని, ఏడో నెల పొట్ట ముందు నడుస్తుంటే తను వెనక నడుస్తూ వచ్చింది. ఒక్కొక్కరికీ కాఫీ ఇచ్చి, మెల్లగా గోడ పట్టుకుని చాప మీద కూర్చుంది. సేటు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“అమ్మాయికి వంట వచ్చాండీ?” అంది వియ్యపురాలు, చాలా గంభీరంగా.

“ఆమెకు వంట కూడా బాగా వచ్చు” అన్నాడు గుమాస్తా, తను అప్పట్లో రాసిన వాక్యాన్నే అలవాటుగా. సేటు ఆయన తొడ మీద గిల్లాడు.

“మరీ బక్కగా ఏం లేదు గానీ” అన్నాడు వియ్యంకుడు, కోడలిని తేరిపార చూసి, “పాట పాడతదా?”

అమ్మాయి తలెత్తకుండానే అంది, “పాడుతా మామయ్యా. ముందుగాల మా నాయిన జాతకం తెచ్చిండో లేదో అడుగుండ్రి.”

అందరం సేటు వైపు చూశాం. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, ఒడిలోని సంచిలో చెయ్యి పెట్టి, పసుపు రాసిన జాతకం బయటికి తీశాడు.

మొదట నవ్వింది వియ్యపురాలు. సేటు జీవితంలో ఆమె నవ్వు చూడడం అదే మొదటిసారట. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, ఆపుకోలేక, పక్కనున్న గోనె కట్ట మీదికి ఒరిగిపోయింది. తర్వాత వియ్యంకుడు, తర్వాత అమ్మాయి పొట్ట పట్టుకుని. తలుపు వెనక దాక్కున్న అల్లుడు కూడా పకపకలాడుతున్నాడు. సార్ కూడా నవ్వారు గానీ, నవ్వొచ్చో కూడదో తేలక సగంలో ఆపేశారు.

సేటు ముఖం ఎర్రబడింది. కోపమొచ్చి లేచిపోతాడేమో అనుకున్నాను. ఆయన జాతకం మళ్లీ సంచిలో పెట్టుకుని, మీసం సవరించి, కాలు మీద కాలు వేసుకున్నాడు.

“పిల్లను సూసిన్రు సరే. మా సంగతేంది?” అన్నాడు. “పిలగాడేడి? తలుపెనక నిలవడ్డోణ్ని ఎట్ల సూడాలె? ఇవతలికి రమ్మను. జర నడిచి సూపియ్యమను. ఫోటోల బక్కగ ఉన్నడు, మనిషి ఎట్లున్నడో సూడొద్దా?”

అల్లుడు నిజంగానే బయటికొచ్చి, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూపించాడు. పెళ్లయ్యాక అత్తగారి ఇంట్లో పండగలు బాగానే తిన్నట్టున్నాడు. ఇప్పుడు ఆ ఫోటోలోని మనిషి రెండు రెట్లయ్యాడు.

“పర్వాలేదు, కుదుర్చుకుందం” అన్నాడు సేటు.

వాళ్లు పులిహోర తింటుంటే నేనూ సారూ వియ్యంకుడి కంప్యూటర్ ముందు కూర్చుని, పాప లోపల ఏం జరిగిందో వెతికాం. ఈసారి తప్పు పట్టుకుంది సారే. ఉత్తరాలకు నాలుగు అరలున్నాయి: వచ్చినవి, పంపాల్సినవి, పంపినవి, పారేసినవి. నకలు తీసేటప్పుడు పాప ఖాళీగా ఉన్న అరను వదిలేసి ముందుకు పోతుంది. మిల్లులో ‘పంపాల్సినవి’ అన్న అర ఖాళీగా ఉంది, ఎందుకంటే మా గుమాస్తా ఏ పనీ రేపటికి ఉంచే మనిషి కాదు. తిరిగి పెట్టేటప్పుడు మాత్రం పాప ఖాళీ అరను మరిచిపోయి వరసగా సర్దింది. పంపినవన్నీ ఒక స్థానం ముందుకు జరిగి ‘పంపాల్సినవి’లో పడ్డాయి. ఫోన్ కలవగానే కంప్యూటర్ తన పని తాను చేసింది.

“ఖాళీగున్నా సరే, ఆ జాగ దానికే ఉంచాలె” అని గొణుక్కుంటూ సార్ అక్కడికక్కడే దిద్దారు. దిద్దుతున్నంతసేపూ పాపను వెనకేసుకొస్తూ ఒక్క మాటా అనలేదు. వియ్యపురాలు పులిహోర ప్లేటు తెచ్చి పెడితే, “ఇది నా తప్పేనమ్మా” అన్నారు. ఆమె, “మీరిట్లాంటి తప్పు ఏడాదికోటి చేయండి, మాకూ కాలక్షేపం అయితది” అంది.

భోజనాలయ్యాక సేటు కారెక్కబోతూ వియ్యంకుడితో అన్నాడు, “బావా, నీకు ఇంకేమన్న పాత ఉత్తరాలు వస్తే చింపేసెయ్యి.”

“అన్నీ చింపేశానండీ, ఒక్కటి తప్ప” అన్నాడు ఆయన. “నిరుటి గోనె సంచుల ఆర్డర్ కూడా మళ్లీ వచ్చింది. ఆర్డర్ చింపేస్తే వ్యాపారం ఎట్లా సాగుతదండీ? పొద్దున్నే లారీ ఎక్కించా. ఈపాటికి మీ మిల్లులో దింపుతుండొచ్చు.”

సేటు కారులో పెట్టిన కాలు వెనక్కి తీశాడు. గుమాస్తా మాత్రం, “ఒక్క లారీయేనా? అప్పుడు రెండుసార్లు ఆర్డర్ పంపినం గదా” అన్నాడు. రెండో లారీ సోమవారం వచ్చింది. సేటు వాటిని వెనక్కి పంపలేదు. కొత్త షెడ్డు వేయించి అందులో నింపాడు. తర్వాత దుబాయి నుంచి పెద్ద ఆర్డర్ వచ్చినప్పుడు చుట్టుపక్కల మిల్లులన్నీ సంచుల కోసం పరేషాన్ అవుతుంటే, ఈయన కూజా బొమ్మ అచ్చేసిన సంచుల్లో నింపి అందరికన్నా ముందు పంపాడు. ఆ తెలివి తనదేనని కొన్నాళ్లు చెప్పుకున్నాడు కూడా.

పెళ్లి పిలుపులు మాత్రం అంత తొందరగా చల్లారలేదు. మస్కట్‌లో ఉన్న ఒక దూరపు చుట్టం, పెళ్లికి మొదటిసారి కానుక పంపలేదన్న బాధతో ఈసారి తప్పించుకోకూడదని ఒక గోడ గడియారం పంపాడు. గంట కొట్టినప్పుడల్లా ఒక పిట్ట బయటికొచ్చి అరిచేది. తిరిగి పంపుదామని సేటు అంటే, కూతురు ససేమిరా అంది. రెండో పెళ్లిచూపుల్లో తను కష్టపడి కాఫీ మోసింది కాబట్టి అది తనకు న్యాయంగా రావాల్సిందేనని వాదించింది.

ఆ చలికాలం ఆమెకు మిర్యాలగూడలోనే కొడుకు పుట్టాడు. సేటు ఆగలేకపోయాడు. మిల్లుకు పరుగెత్తి, ఊరూరా ఉన్న చుట్టాలకు, వ్యాపారస్తులకు గుమాస్తాతో వెంటనే ఈ-మెయిల్ కొట్టించాడు: “గౌరవనీయులైన అయ్యా, మాకు మనుమడు కలిగినాడు.”

ఒక్కరూ నమ్మలేదు. బొంబాయి తమ్ముడు, “ఇది ఎప్పటిదన్నా?” అని అడిగాడు. దుబాయి వ్యాపారి, “మీ పాత ఉత్తరం మళ్లీ అందింది, మీ కంప్యూటర్ చూపించుకోండి” అని మర్యాదగా రాశాడు. మస్కట్ చుట్టమైతే జవాబే ఇవ్వలేదు. నేను బాబును చూడడానికి వెళ్లిన రోజు, గుమాస్తా ఎదురు బూత్‌లో కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్కరికీ ఫోన్ కలిపిస్తున్నాడు. సేటు ఆయన చేతిలోంచి రిసీవర్ లాక్కుని, వీధి వీధంతా వినపడేట్టు అరుస్తున్నాడు.

“పాతది కాదు! ఇది కొత్తది! ఇయ్యాల్టిది! కావాలంటే ఏడుపు వినిపియ్యాల్నా, పోరగాన్ని ఈడికే తెప్పిస్త!”